రసాయనం నుంచి హార్మోను దాకా

టేకులపల్లి పేరులోనే టేకు ఉంది. ఇల్లెందుకూ కొత్తగూడానికీ నడుమనున్న ఈ అడవి పల్లెల్లో ఉసిరి, కరక, తాని చెట్లకూ కొదవ లేదు. చరకసంహితలో చికిత్సాస్థానం రసాయనాధ్యాయంతోనే మొదలవుతుంది. అందులో తొలి పాదం పేరు అభయామలకీయం. అభయ అంటే కరక్కాయ, ఆమలకం అంటే ఉసిరిక. ముదిమిని వెనక్కు నెట్టాలన్న కోరికకు చరిత్ర రాయబూనితే, ఈ అడవి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఏడవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఒక కథ రాసి పెట్టాడు. నాగార్జునుడు రసాయనవిద్యతో తాను వందల ఏళ్ళు జీవించడమే గాక, తనను ఆదరించిన శాతవాహన ప్రభువునూ జీవింపజేశాడట. రాజుకు చావు రాదు, కొడుక్కు సింహాసనం దక్కదు. తల్లి సలహాపై యువరాజు వెళ్ళి ఆచార్యుని శిరస్సును దానమడిగాడు. ఆయన కాదనక, ఎండుటాకుతో తన మెడ తానే కోసుకున్నాడు. ఆ వార్త విని రాజూ మరణించాడు. కథ నిజానిజాల మాట ఎలా ఉన్నా, ఆయువు పెంచే మందుకు వెల చెల్లించేదెవరన్న ప్రశ్న ఇందులో ఉంది. తరువాతి వారు మరచింది దానినే.

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైన 1889లోనే, పారిస్‌లో 72 ఏళ్ళ శాస్త్రవేత్త బ్రౌన్-సెకార్ కుక్కల, గినీ పందుల వృషణాల రసం సూదితో ఎక్కించుకుని, తనకు యౌవనం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. వృషణపు హార్మోను నీటిలో దాదాపు కరగదు గనుక ఆయన పొందిన బలం చాలావరకు నమ్మకపు బలమే కావచ్చు. 1894లో ఆయన కన్నుమూశాడు. ‘హార్మోను’ అన్న మాట 1905లో పుట్టింది. 1935లో టెస్టోస్టిరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు.

1966లో అమెరికా వైద్యుడు రాబర్ట్ విల్సన్ ముట్లుడగడాన్ని లోపరోగంగా వర్ణిస్తూ ఈస్ట్రోజెన్‌ను మందుగా చూపి పుస్తకం రాశాడు. లక్షలాది స్త్రీలు ఆ మాత్రలు వాడారు. 16,608 మందిపై జరుగుతున్న పరీక్షను 2002లో అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో తుంటి ఎముక విరగడం తగ్గింది గాని, రొమ్ము క్యాన్సరు, పక్షవాతం పెరిగాయి. ముట్లుడిగే వయసులో తీవ్రమైన ఆవిర్లతో బాధపడేవారికి, వైద్యుని పర్యవేక్షణలో, ఆ చికిత్స నేటికీ ఉపయోగమే. నిత్యయౌవనానికి మాత్రం కాదు. వార్ధక్యాన్ని ఆపుతుందని అమ్మిన డి.హెచ్.ఇ.ఏ. మాత్రలనూ రెండేళ్ళు పరీక్షించి, చెప్పుకోదగ్గ మేలేమీ లేదని 2006లో తేల్చారు.

హార్మోను చికిత్సనే నేను తప్పుపట్టడం లేదు. ఇన్సులిను, థైరాయిడు మాత్రలు ఎందరి ప్రాణాలో నిలిపాయి. అక్కడ లోపం ఉంది, దానిని పూరిస్తున్నారు. వయసు లోపం కాదు.

ఈ తేడా పట్నాలలో ఖరీదైన మాత్రలు కొనేవారికే పరిమితమనుకోరాదు. స్టెరాయిడూ ఒక హార్మోను సంతతే. మోకాళ్ళ నొప్పితో కూలికి వెళ్ళలేని ముసలమ్మ బలానికి సూది వెయ్యమంటుంది. ఊళ్ళో వైద్యం చేసేవారు కొందరు స్టెరాయిడే వేస్తారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి పుడుతుంది. పదే పదే వేయించుకుంటే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. వెల చెల్లించేది ఆమే.

ఉసిరికాయ ఆయువు పెంచుతుందనీ రుజువు లేదు. నడక, మితాహారం, పొగాకు మానడం, రక్తపోటు అదుపు – మన చేతిలో ఉన్నవి ఇవే. ఎవరైనా యౌవనాన్ని అమ్మజూపితే, నా ఒంట్లో లోపమేమిటో పరీక్షించి చూపమనీ, దీని వెల ఎప్పుడు, ఏ రూపంలో చెల్లించాలో చెప్పమనీ అడగడం మన హక్కు.