పెరటి ఆకు, పెంటకుప్ప, చెత్తబండి: అంటువ్యాధి కాలంలో పల్లె పారిశుధ్యం

అంటువ్యాధుల చరిత్రను మనం సాధారణంగా మరణాల లెక్కలతోనో, టీకాలతోనో, ప్రభుత్వ ఉత్తర్వులతోనో చదువుతాం. ఈ పాఠంలో మిమ్మల్ని అంతకంటే చిన్న విషయం దగ్గరకు తీసుకువెళ్తాను. ఊరంతా ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో చెత్తబండి రాకపోతే, వచ్చినా పెరటి చెత్తను ఎక్కించుకోకపోతే, రాలిన ఆకు ఏమవుతుంది? ఇది అడగదగిన ప్రశ్నేనా అని మీకు అనిపించవచ్చు. కానీ దీనికి జవాబు వెతకబోతే నూరేళ్ల పల్లె చరిత్ర బయటపడుతుంది.

ముందుగా తేదీలు గుర్తుచేసుకోండి. తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆ రోజే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25వ తేదీ నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ 25వ తేదీయే శార్వరి నామ సంవత్సర ఉగాది. ఉగాదికి ముందూ వెనకా మన వేపలు, రావులు ఆకు రాల్చి చిగురు తొడుగుతాయి. ఏడాదిలో వాకిలి ఎక్కువసార్లు ఊడ్వవలసిన వారాలు అవే.

బ్రిటన్‌లో కూడా అది వసంతం, గడ్డి కోతల కాలం. అక్కడ పెరటి చెత్తకు ప్రత్యేకమైన డబ్బా ఉంటుంది. దాన్ని తీసుకుపోవడానికి స్థానిక సంస్థల బండి నిర్ణీత రోజున వస్తుంది. 2020 మార్చి చివర్లో కార్మికులు జబ్బుపడటం, ఒంటరిగా ఉండవలసి రావడంతో చాలా స్థానిక సంస్థలు ఈ సేకరణను నిలిపివేశాయి. కుళ్లి వాసన కొట్టే ఇంటి చెత్తకు ముందు వరుస, ఆకుకూ గడ్డికీ చివరి వరుస. ఎవరికి వారు ఇంట్లోనే కంపోస్టు చేసుకోవాలని, మంట మాత్రం పెట్టవద్దని జనానికి చెప్పారు.

మన దగ్గర అలాంటి ఉత్తర్వు మీకు దొరకదు. 2020 మార్చి 24 నాటి కేంద్ర ఉత్తర్వులో పారిశుధ్యం అత్యవసర సేవ. దాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు. పైగా తెలంగాణ పల్లెలో పెరటి చెత్తకు వేరే బండి ఎన్నడూ లేదు. లేనిదాన్ని నిలిపివేయడం ఎలా? రెండు దేశాల అనుభవాన్ని పోల్చేటప్పుడు విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే. సమస్య ఒకటే అయినా దాని వెనక ఉన్న సంస్థలు వేరు. అందుకే ఉత్తర్వుల ఫైలు పక్కన పెట్టి, ఊళ్లోకి వెళ్లాలి.

మాచారెడ్డిని ఉదాహరణగా తీసుకుందాం. కామారెడ్డి నుంచి సిరిసిల్ల వెళ్లే దారిలో వచ్చే మండల కేంద్రం ఇది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. చుట్టూ అడవి, మధ్యలో చెరువులు, బావుల కింద వరి, మిగతా చెలకల్లో మక్క. ఇలాంటి ఊళ్లో రెండు తరాల కిందట 'పెరటి చెత్త' అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆకును చెత్త అనేవారు కారు. అది పెంటకు పోయే సరుకు.

'పెంట' అనే మాట ఈనాడు పట్టణంలో తిట్టులా వినిపిస్తుంది. తెలంగాణ రైతుకు మాత్రం అది ఎరువు. ఇంటి వెనకనో, ఊరి చివరనో ప్రతి కాపుదనపు ఇంటికీ ఒక పెంటకుప్ప ఉండేది. తెల్లవారుజామున ఇంటి ఆడవాళ్లు కొట్టంలోని పేడను గంపకెత్తి అక్కడ వేసేవారు. పొయ్యిలోని బూడిద, వాకిట ఊడ్చిన ఆకు, పశువులు తినక వదిలేసిన చొప్ప, తట్టెడు మట్టి, అన్నీ దానిమీదికే చేరేవి. వానకాలమంతా నాని, చలికాలమంతా మగ్గి, ఎండాకాలం వచ్చేసరికి నల్లగా, పొడిగా తయారయ్యేది. రోహిణి కార్తెలోపు దాన్ని ఎడ్లబండ్ల మీద పొలాలకు తోలేవారు. పెంట తోలే రోజుల్లో మా బడిలో సగం మంది పిల్లలు కనిపించేవారు కారు. హాజరు పట్టీ చూసి వ్యవసాయ పంచాంగం చెప్పవచ్చు. దీపావళినాడు పెంటకుప్ప మీద కూడా ఒక దీపం పెట్టే ఆనవాయితీ కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. విలువ లేని దానికి ఎవరూ దీపం పెట్టరు కదా.

అయితే ఆ కాలాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. పెంటకుప్పకు జాగా కావాలి, పశువులు కావాలి, పొలం కావాలి. ఈ మూడూ లేనివారు ఊళ్లో చాలామంది. వారి ఇంటి ముందు రాలిన ఆకు వారికి ఎరువు కాలేదు. అంతేకాదు, ఊరి ఉమ్మడి స్థలాలను ఊడ్చే పని, చచ్చిన పశువును ఈడ్చే పని కొన్ని కులాల నెత్తిన వెట్టిగా పడి ఉండేది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ నాటికే తెలంగాణలో వెట్టి చర్చకు వచ్చిందని మీరు ఇతర పాఠాల్లో చదివి ఉంటారు. పారిశుధ్య చరిత్రను వెట్టి చరిత్ర నుంచి విడదీసి చదవకండి.

అంటువ్యాధికీ పెంటకుప్పకూ వైరం కోవిడ్‌తో మొదలైంది కాదు. దుర్వాసన గాలి వల్లనే జబ్బులు పుడతాయని 19వ శతాబ్దపు వైద్యులు చాలామంది నమ్మేవారు. అందువల్ల ఆనాటి ఆరోగ్యాధికారుల కంటికి ఊళ్లోని ప్రతి కుప్పా శత్రువే. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాదే అంటువ్యాధుల చట్టం వచ్చింది. 1898లో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగును మోసేది ఎలుకల మీది గోమార్లని చూపించాడు. దాంతో వాసన మీది అనుమానం తగ్గినా కుప్పలు నిర్దోషులు కాలేదు. ఎలుకలకు అవి కూడా నెలవే. ప్లేగు వచ్చినప్పుడు దక్కన్ ఊళ్లు ఇళ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవి. తెలంగాణలో గత్తర అని పిలిచే కలరా మాత్రం నీటి దారిన వచ్చేది. మూడు జబ్బులు, మూడు దారులు: ఎలుక, నీరు, ఊపిరి. కోవిడ్ ప్రధానంగా ఊపిరి దారిన వచ్చింది. ఆకుల కుప్ప దాన్ని పుట్టించదు, మోయదు. కానీ 2020లో కూడా జనం భయం పాత ప్లేగు నాటి భయమే. ఆ ఏడాది ప్రభుత్వం చేతికి తీసుకున్న చట్టం కూడా 1897 నాటిదే.

ఇక్కడ ఇంకొక పేరు తెలుసుకోవాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేశాడు. ఆకు, గడ్డి, పేడ, మట్టి, బూడిద పొరలుగా వేసి, తడిపి, తిరగేస్తూ దాదాపు మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని అక్కడే స్థిరపరిచాడు. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దానిమీద పుస్తకం తెచ్చాడు. మన పల్లె తెలివిని, చైనా రైతుల తెలివిని గమనించి కొలతలు వేసినవాడిగా హోవర్డ్‌ను చూడటం న్యాయం. అంటే ఇంగ్లండ్‌లో 2020 వసంతంలో ఇంట్లోనే కంపోస్టు చేసుకోండని చెప్పిన సలహాకు వేర్లు కొంత ఇండోర్‌లో ఉన్నాయి.

మరి మన ఊళ్లోనే ఆ పద్ధతి ఎందుకు సడలింది? హరిత విప్లవంతో యూరియా బస్తా వచ్చింది. ట్రాక్టరు రాగానే ఎడ్ల కొట్టాలు ఖాళీ అయ్యాయి. పేడ లేని పెంటకుప్పలో ఆకు మగ్గదు, ఎండిపోతుంది. ఆ ఎండిన ఆకుల్లో పాలిథిన్ సంచులు కలిశాయి. అలా కలిసిన కుప్పను పొలానికి తోలలేరు. ఆ రోజునే ఆకు చెత్త అయింది.

ఈ స్థితిలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబర్ 6 నుంచి 30 రోజుల కార్యాచరణ జరిగింది. 2020 జనవరిలో పల్లె ప్రగతి రెండో విడత సాగింది. వీధుల్లోని పెంటకుప్పలు తీయించారు. పంచాయతీలు ట్రాక్టర్లు కొన్నాయి. ఊరి బయట డంపింగ్ యార్డు, కంపోస్టు షెడ్డు నిర్మాణం మొదలైంది. ఇది మంచి పనే. దోమలు, ఎలుకలు, పాములు తగ్గడానికి ఇది అవసరం. కానీ మీరు ఆ తేదీల వరుసను మరోసారి చూడండి. కుటుంబం చేతిలో ఉన్న పనిని పంచాయతీ ట్రాక్టరుకు అప్పగించిన కొద్ది నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. ఇంటి వెనక పాత పెంట లేదు. కొత్త ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు.

ఆ నెలల్లో పంచాయతీ పారిశుధ్య కార్మికులు ఎన్ని పనులు చేశారో గుర్తుచేసుకోండి. వీధులు ఊడ్చారు, మోరీలు తీశారు, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం చల్లారు. ఉన్నది కొద్దిమందే, బండి ఒక్కటే. ఇన్ని పనులు మీద పడ్డప్పుడు కొమ్మలు, ఆకులు చివరకు జరగడం సహజం. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం పంచాయతీ, పురపాలక పారిశుధ్య కార్మికులకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. అప్పటికి పల్లె కార్మికుల నెల జీతం 8,500 రూపాయలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఊరిని కాపాడే పనికి మన సమాజం కట్టిన వెల అర్థమవుతుంది.

బండి రాని ఇంటివారికి మిగిలిన దారులు మూడు: తగలబెట్టడం, మోరీలోనో ఖాళీ జాగాలోనో పడేయడం, ఇంట్లోనే మట్టి చేయడం. మొదటిది అన్నిటికంటే సులువు, అన్నిటికంటే చెడ్డది. ఊపిరితిత్తుల జబ్బు ఊరంతా తిరుగుతున్న వేళ ఆకుల పొగ పక్కింటి రోగికి హాని చేస్తుంది. 2016 ఘన వ్యర్థాల నియమాలు పెరటి చెత్తను ఎవరి ఆవరణలో వారు విడిగా ఉంచాలని, బహిరంగ స్థలాల్లో తగలబెట్టరాదని చెప్పాయి. ఆ నియమాలు ప్రధానంగా పట్టణ ప్రాంతాలకు రాసినవి. అయినా పొగకు పట్టణం, పల్లె తేడా తెలియదు.

మూడో దారికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఆకును చెట్ల పాదుల్లో జానెడు మందాన పరిస్తే సగం పని అయిపోతుంది. ఎండాకాలం తేమ నిలుస్తుంది, నీళ్లు తక్కువ పోయవచ్చు. మిగిలినదాన్ని గోడకు దూరంగా, నీడ ఉన్న మూల కుప్ప వేయాలి. గోడకు ఆనిస్తే చెదలు ఎక్కుతాయి. ఎండుటాకు మీద పచ్చి గడ్డి లేదా కూరగాయల తొక్కలు, వాటిమీద పేడనీళ్లు, పిడికెడు పాత మట్టి. పేడ దొరకకపోతే పచ్చి పదార్థం పాలు పెంచాలి. పిండిన గుడ్డకున్నంత తడి చాలు. పైన గోనెసంచి కప్పి, రెండు వారాలకొకసారి పార కర్రతో తిరగేయాలి. చేయి నేరుగా పెట్టకండి, తేలు ఉండవచ్చు. వేపాకు కొన్ని నెలల్లో మగ్గుతుంది. మామిడాకు, టేకాకు మొండివి. వాటిని నలిపి వేయాలి, లేదా పాదులకే వదలాలి. వాడిన మాస్కును మాత్రం ఇందులో కలపకూడదు. దాన్ని కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచి పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది.

పెరడు లేనివారి సంగతి? రెండు గదుల ఇల్లు, ముందు సీసీ రోడ్డు, దానిమీద పక్కవారి వేపచెట్టు ఆకు. వారికి పైన చెప్పిన సలహా ఏదీ పనికిరాదు. పాత పెంటకుప్పల కాలంలో జాగా లేనివారి సమస్యే ఇక్కడ మళ్లీ తలెత్తింది. వీధికొక ఉమ్మడి గుంత తవ్వి, దాని ఎరువును పంచాయతీ నర్సరీకి వాడుకోవడమే వారికి దారి. అది ఒక్క ఇంటివారు చేయగల పని కాదు, గ్రామసభ నిర్ణయించాలి.

ఈ పాఠం చదివాక మీ ఊళ్లో ఒక పని చేయండి. 2020 మార్చి నుంచి జూన్ వరకు, ఆ తరవాత రెండో లాక్‌డౌన్ నడిచిన 2021 మే 12 నుంచి జూన్ 19 వరకు, పంచాయతీ తీర్మానాల పుస్తకం, కార్మికుల హాజరు, ట్రాక్టరు డీజిల్ లెక్క చూపమని కార్యదర్శిని అడగండి. తరవాత డెబ్బై దాటిన ఒక రైతు ఇంటి పెద్దామెను తమ పెంట ఎక్కడ ఉండేదో అడగండి. ఆమె చెప్పిన స్థలంలో ఇప్పుడేముందో చూసి రాసుకోండి. చివరగా ఆ నెలల్లో పనిచేసిన పారిశుధ్య కార్మికురాలి దగ్గరకు వెళ్లండి. పనుల్లో ఏది ముందు చేయమన్నారు, ఏది వదిలేయమన్నారు, ఎవరు చెప్పారు? తీర్మానాల పుస్తకంలోని వరుసకూ ఆమె చెప్పే వరుసకూ తేడా వస్తే, రెండింటినీ పక్కపక్కనే రాయండి.