'వాటర్‌ప్రూఫ్' అను మాట

వానకోటు కొన్నను, చేతి గడియారము కొన్నను, మేడకప్పునకు పూత వేయించినను మనము ముందుగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఇది వాటర్‌ప్రూఫా? ఈ ఇంగ్లీషు విశేషణము మన యిండ్లలో తెలుగు మాటవలెనే చెల్లుచున్నది. 'నీరు చొరనిది' అని దాని కర్థము చెప్పుకొందుము. కాని అందలి 'ప్రూఫ్' అను పదమునకు మూలార్థము పరీక్ష. నీటి పరీక్షకు నిలిచినది అని భావము. ఈ భేదమును ఆ వస్తువుల చరిత్రయే మనకు బోధించును.

దక్షిణ అమెరికా అడవులలోని ఆదివాసులు రబ్బరుచెట్టు పాలను గుడ్డకు పూసి వానను ఆపుకొనెడివారు. 1736లో ఫ్రెంచి పండితుడు లా కొండమీన్ ఆ పదార్థపు మచ్చులను పారిస్ విజ్ఞాన పరిషత్తునకు పంపెను. ఐరోపాకు చేరినది పాలు కాదు, గట్టిపడిన రబ్బరు. దానిని మరల కరగించు ద్రవము కావలసి వచ్చినది.

1823లో గ్లాస్గో రసాయనజ్ఞుడు చార్లెస్ మకింతాష్ రబ్బరును బొగ్గుతారునుండి తీసిన నాఫ్తాలో కరగించి, రెండు గుడ్డల నడుమ పూసి పేటెంటు పొందెను. గుడ్డ నీటిని ఆపినది, కోటు ఆపలేదు. దర్జీసూది పొడిచిన ప్రతి రంధ్రమును వానకు ద్వారమాయెను. పైగా ఆ గుడ్డ చలికి బిగిసెడిది, ఎండకు అంటుకొనెడిది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ గంధకము కలిపి కాచినచో రబ్బరు ఈ దోషమును వీడునని కనుగొనెను. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ 1843లో ఇట్టి పద్ధతికే పేటెంటు కోరెను.

నీరు చొరని కోటులో చెమటకును దారి లేదు. అందుచే థామస్ బర్బెరీ నూలునకే ముందుగా నీటిని విడుచు గుణము కల్పించి, పిదప దట్టముగా నేయించి, ఆ గాబర్డీనుకు 1888లో పేటెంటు పొందెను. అది జల్లును జార్చును, గాలిని ఆడనిచ్చును. ఎడతెగని వానకు మాత్రము లొంగును. మన గొల్లల ముతక ఉన్ని గొంగడి తీరును ఇంతియే.

కనుకనే గడియారముల అంతర్జాతీయ ప్రమాణము 'వాటర్‌ప్రూఫ్' అనదు. నీటిని తట్టుకొనునది అను అర్థమున 'వాటర్ రెసిస్టెంట్' అనును. ఇకమీద అంగడిలో ఆ మాట వినినప్పుడు మనము మరి రెండు ప్రశ్న లడుగుట మేలు: ఎంత నీటికి? ఎంతసేపు?