బార్బడోస్ ముద్రణ చిత్రకళ

కరీబియన్ దీవుల తూర్పు అంచున ఉన్న బార్బడోస్ విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. 1627లో ఇంగ్లీషువారు స్థిరపడింది మొదలు 1966 నవంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేదాకా అది మరో రాజ్యం చేతికి పోలేదు. చుట్టుపక్కల చాలా దీవులు ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ మధ్య చేతులు మారాయి. ఇక్కడ పాలకుడు ఒక్కడే. పొరలన్నీ సమాజం లోపలే పేరుకున్నాయి: చెరకుతోటల యజమానులు, ఒప్పందం మీద వచ్చిన ఐరిష్ కూలీలు, ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలు, వీరి మధ్య పుట్టిన మిశ్రమ సంతతి. నేటి చిత్రకారులు ఈ చరిత్రకు ముద్రణ మాధ్యమాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణమే ఉంది. బానిసత్వపు రోజుల్లో దీవి ఎలా ఉంటుందో లండన్‌కు చూపించింది అచ్చు బొమ్మలే.

వాటిలో మొదట చెప్పుకోవలసింది రిచర్డ్ లిగన్ 1657లో ప్రచురించిన దీవి చరిత్రలోని పటం. పడమటి తీరం పొడవునా తోటల యజమానుల పేర్లుంటాయి. లోపలి భూముల్లో పందులు, ఒంటెలు, వాటి నడుమ పారిపోతున్న బానిసలపై తుపాకీ పేలుస్తున్న రౌతు. పటం గీసినవారికి అది ఒంటె బొమ్మలాంటి అలంకారమే కాబోలు. నాలుగేళ్లకు, 1661లో, ఆ హింసకు చట్టబలమిచ్చే బార్బడోస్ బానిస చట్టం వచ్చింది. తర్వాత జమైకా దాన్నే నమూనాగా తీసుకుంది.

18వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు అగస్తీనో బ్రూనియాస్ గీసిన కరీబియన్ దృశ్యాలు అచ్చయి అమ్ముడయ్యాయి. ‘బార్బడోస్ ములాట్టో గర్ల్’ వాటిలో ఒకటి. సొగసైన దుస్తులు, పండ్ల బుట్టలు ఉంటాయి గాని కొరడా కనబడదు. 1796లో వ్యంగ్య చిత్రకారుడు థామస్ రోలండ్‌సన్ గీసిన రేచల్ ప్రింగిల్ బొమ్మ వెలువడింది. బానిసగా పుట్టి, విముక్తి పొంది, బ్రిడ్జ్‌టౌన్‌లో హోటలు నడిపిన స్త్రీ ఆమె. ఆమెకూ సొంత బానిసలుండేవారు. అప్పటికే చనిపోయిన ఆమెను రోలండ్‌సన్ హాస్యచిత్రంగా మార్చాడు.

ఈ బొమ్మల భాషనే అరువు తీసుకుని దానికి ఎదురు నిలిచిన చిత్రకారిణి జాసెలిన్ గార్డ్‌నర్. 1961లో బార్బడోస్‌లో తెల్ల క్రియోల్ (దీవుల్లోనే తరాలుగా ఉంటున్న యూరోపియన్ సంతతి) కుటుంబంలో పుట్టి, తర్వాత కెనడాలో స్థిరపడ్డారు. ఆమె ‘క్రియోల్ పోర్ట్రెయిట్స్’ మూడు విడతలుగా వచ్చింది. అన్నీ లితోగ్రాఫులు: రాతి మీద జిడ్డు సిరాతో గీసి, తడి చేసి, అచ్చు తీసే పద్ధతి. వీటిలో ముఖాలుండవు. వెనకనుంచి చూసిన ఆఫ్రికన్ జడల అల్లిక, దాన్ని చుట్టి ఇనుప కంఠపట్టీ ఉంటాయి. పారిపోయినవారికీ, గర్భం తీయించుకున్నారని అనుమానించిన స్త్రీలకూ యజమానులు వేసిన శిక్ష ఆ పట్టీ.

మూడో విడత (2009–11) అన్నిటికన్నా పదునైనది. నునుపు తగ్గించిన అర్ధపారదర్శక ప్లాస్టిక్ పొర మీద అచ్చు వేసి, చేత్తో రంగులద్దారు. జడలోంచి గర్భస్రావానికి వాడిన మొక్కలు మొలుస్తాయి. బానిస తల్లికి పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి కనుక, గర్భాన్ని వద్దనుకోవడం అతని రాబడిని తిరస్కరించడమే. ప్రతి చిత్రానికి మొక్క శాస్త్రీయ నామం, పక్కన ఒక బానిస స్త్రీ పేరు: రత్నగంధికి లిలిత్, అత్తిపత్తికి యబ్బా. మన పెరళ్లలో పూసే ఆ రత్నగంధే బార్బడోస్ జాతీయ పుష్పం, దేశ రాజచిహ్నంలోనూ ఉంది. సురినాంలో బానిస స్త్రీలు దాని గింజలను గర్భస్రావానికే వాడేవారని ప్రకృతి చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ 1705లోనే రాసింది. ఈ చిత్రాలకు 2011లో కెనడాలోని త్రువా రివియేర్ ముద్రణకళా ద్వైవార్షిక ప్రదర్శనలో అగ్ర బహుమతి లభించింది.

అదే దీవికి చెందిన అనలీ డేవిస్ పాత తోట లెక్కల పుస్తకాల కాగితాలపై అడవి మొక్కలు గీశారు. అవి అచ్చులు కావు, చేతి చిత్రాలు. ఆలోచన మాత్రం దగ్గరిదే.

గార్డ్‌నర్ కృతికి ఒక పరిమితి ఉంది. ఆ స్త్రీల పేర్లు జమైకాలో తోట నడిపిన థామస్ థిసిల్‌వుడ్ డైరీల్లోవి. అంటే వారిని బార్బడోస్ స్త్రీలుగా చెప్పలేం, పేర్లు మనదాకా చేరిందీ వారిని హింసించినవాడి కలం ద్వారానే. కాబట్టి ఈ అచ్చులను ఒక్క దీవి చరిత్ర పత్రాలుగా కాక, ఇంగ్లీషు కరీబియన్ మొత్తం మీద ఒక బార్బడోస్ చిత్రకారిణి ఇచ్చిన వాంగ్మూలంగా చదవడం సబబు.