ఎల్‌ఐజీ ఇంటి మీద మూడంతస్తులు

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ మీద పడ్డది. ఆ తర్వాత ప్లేగు. ఇరుకు బస్తీలు తీసేసి గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టడానికి 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. తర్వాతి కాలంలో దానికి అధ్యక్షుడిగా ఉన్న నిజాం కొడుకు మొజం జా పేరు ఇవాళ మార్కెట్ వల్లే అందరికీ తెలుసు గానీ, బోర్డు అసలు పని ఇళ్లు. తిన్నని వీధి, వరస ఇళ్లు, తరగతికో కొలత. మా తాతల కాలానికి మోడర్న్ అంటే అదే. ఇప్పుడు ఆ వాడల్ని కూడా పాతబస్తీ లెక్కలోనే వేస్తున్నాం.

1960లో హౌసింగ్ బోర్డు వచ్చి ఆ బోర్డును కలుపుకుంది. కొలతల అలవాటు పోలేదు: ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ. జీతమెంతో గోడలంత. 1980ల్లో కూకట్‌పల్లి కాలనీలో మా నాయినకు ఎల్‌ఐజీ ఇల్లొచ్చింది.

అప్పటిదాకా శాలిబండలో కిరాయికున్నాం. నడుమ ఆంగన్, చుట్టూ అర్రలు, అర్రకో కుటుంబం. డంగుసున్నం గోడలు ఎంత మందమంటే ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. ఎవరింట్లో ఏం కూర వండారో అందరికీ తెలిసేది. నల్లా మాత్రం ఒక్కటే, పాయిఖానా ఒక్కటే. ఆంగన్‌లను తలుచుకుని మురిసిపోతూ రాసేవాళ్లు ఈ రెండో సంగతి ఎందుకో రాయరు. తెల్లారకముందే బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డది అమ్మ. అందుకే ‘మన నల్లా, మన తాళం’ అంటూ కూకట్‌పల్లికి సంబరంగా వచ్చింది. నాయినకేమో చార్మినార్ దాకా నడిచిపోయే సాయంత్రాలు పోయాయి, దోస్తులు దూరమయ్యారు. చాన్నాళ్లు ఆ కాలనీని అడవి అనే అన్నాడు.

ఆ అడవిలో ఆయన మనసు నిలబెట్టింది మేస్త్రీ పని. మొదట వెనకాల రేకుల వంటిల్లు వేశాడు. తర్వాత పైన ఒక అర్ర. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక కుర్రాళ్లంతా కిరాయి గదుల కోసం మా వీధుల్లో తిరగడం మొదలైంది, మేమూ పోర్షన్లు లేపాం. బోర్డు గీసిన ప్లాన్ ప్రకారం నిలిచిన ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. 1912లో ఏ ఇరుకును తీసేద్దామనుకున్నారో, దాన్ని మేమే మళ్లీ కట్టుకున్నాం. కింది అర్రల్లో పగలే లైటు వేసుకోవాలి. అయినా నాయిన ఆ ఇంటిని అమ్మనివ్వలేదు. ఒక్కో గోడ ఎప్పుడు, ఎందుకు లేపాడో ఆయనకు నోటికే తెలుసు. బోర్డు ఇచ్చిన ఇల్లు కాదు, దాని మీద తాను కట్టుకున్నదే ఆయనకు నచ్చింది.

మా అమ్మాయి నల్లగండ్లలో పన్నెండో అంతస్తులో ఉంటోంది. లిఫ్టు, జనరేటర్, ఇరవైనాలుగు గంటలూ నీళ్లు. వాళ్ల నాయనమ్మ ఉంటే ఆ కుళాయిలు చూసే మురిసిపోయేది. ఆ ఇంట్లో గోడ కదపడానికి లేదు, బాల్కనీలో బట్టలు ఆరేయడానికి లేదు. వానజల్లు లోపలికి రాకుండా అద్దాలు పెట్టించుకుంటానని అసోసియేషన్‌కు అర్జీ పెట్టింది. బయటి రూపు మారుతుందని వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.