సైనికుడు, వడ్రంగి, మా నాన్నగారు

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లరు, చర్చిల్, హిరోషిమా గుర్తుకు వస్తాయి. ఆ యుద్ధానికి మన పల్లెల నుండి వెళ్ళిన వడ్రంగులు, కమ్మరులు, తాపీ పనివారు గుర్తుకు రారు. అటువంటి వారిలో మా నాన్నగారు ఒకరు. పింఛనుదారుల దినోత్సవ ప్రత్యేక సంచికలో పింఛను లేని ఒక మాజీ సైనికుని గురించి రాయడమేమిటని పాఠక మిత్రులు అనుకోవచ్చు. అందుకు కారణం చివర మనవి చేస్తాను.

1939లో యుద్ధం మొదలయ్యేనాటికి భారత సైన్యం సుమారు 2 లక్షలు. 1945 నాటికి అది 25 లక్షలు దాటింది. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. అందరూ తమంత తాము చేరినవారే. అయితే అందరి కారణం ఒకటి కాదు. కొందరిది వంశాచారం, కొందరిది సాహసం, ఎక్కువమందిది ఆకలి. మా నాన్నగారిది అప్పు. మేనత్త పెళ్ళికి తాతగారు చేసిన బాకీ వడ్డీతో పెరిగి, కోనసీమలో మాకున్న పెంకుటిల్లు మీదకు వచ్చింది. 1941లో, ఇరవై ఏళ్ళ వయసులో, గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళి పేరు ఇచ్చి వచ్చారు. నాయనమ్మకు ఆ సంగతి బయలుదేరే ముందురోజు గాని చెప్పలేదట.

చేతిలో పని ఉన్నవాడు కనుక ఆయనను బెంగుళూరులోని మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ దళానికి పంపారు. ఇది చాలా పాత దళం. 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలై, తరువాత బెంగుళూరు కేంద్రంగా స్థిరపడింది. ముళ్ళకంచెలను పేల్చడానికి లోకమంతా వాడిన ‘బెంగుళూరు టార్పెడో’ను 1912లో ఈ దళానికి చెందిన కెప్టెన్ మెక్‌లింటాక్ అక్కడే తయారుచేశాడు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు ఒకే బారకాసులో ఉండేవారు. వారి పని దారి వేయడం, వంతెన కట్టడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం. తుపాకీ పట్టడం నేర్పినా, నాన్నగారి చేతిలో ఎక్కువగా ఉన్నవి బాడిస, ఉలి, రంపం.

ఆయన శిక్షణలో ఉండగానే 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ సంవత్సరమే బర్మా జపాను వశమైంది. రంగూనులో కూలికి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు వేలాదిగా పిల్లాపాపలతో అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో ఆకలికి, కలరాకు, మలేరియాకు ఎందరో పోయారు. జనం ఏడుస్తూ వచ్చిన ఆ దేశంలోకే నాన్నగారి కంపెనీ 1944లో వెళ్ళింది.

ఆ సంవత్సరం మార్చి నుండి జులై వరకు ఇంఫాల్, కొహిమాల దగ్గర ఘోరమైన పోరు జరిగింది. జపాను సైన్యం వెనక్కి తగ్గాక జనరల్ స్లిమ్ నాయకత్వంలోని 14వ సైన్యం బర్మాలోకి ముందుకు సాగింది. అక్కడ అసలు శత్రువు బురద. లారీలు దిగబడకుండా గోనెపట్టాను తారులో ముంచి, చాపలు పరచినట్లు మైళ్ళ కొద్దీ పరచి రోడ్లు వేశారు. చింద్విన్ నది మీద కలేవా దగ్గర 1944 డిసెంబరులో 1,154 అడుగుల పొడవైన బెయిలీ వంతెన కట్టారు. అప్పటికి ప్రపంచంలోని బెయిలీ వంతెనలన్నిటిలోకి అదే పొడవైనదని చెబుతారు.

అయినా వంతెనతో సరిపోలేదు. ముందున్న సైన్యానికి తిండి, పెట్రోలు, మందుగుండు నది మీదుగా చేరవేయాలి. పడవలు లేవు. పక్కనే టేకు అడవులున్నాయి. చెట్లు కొట్టించి, ఏనుగులతో ఈడ్పించి, కలేవా ఒడ్డున వందలాది కొయ్య పడవలు చేయించారు. ఒక్కొక్కటి సుమారు పది టన్నుల బరువు మోసేది. అందచందాలు లేని పెట్టెల వంటివి అవి. మూడింటిని కలిపి కడితే టాంకును కూడా దాటించేవి. నాన్నగారు పనిచేసింది ఆ ఒడ్డునే. గోదావరి నావలు చూస్తూ పెరిగిన మనిషికి ఆ పని కొత్త కాదు. “పచ్చి టేకురా, ఎండబెట్టే వ్యవధి లేదు. ఇంటి గుమ్మానికైతే ఆ కర్ర ముట్టుకోను” అనేవారు. కొట్టిన చెట్టు ఆరకుండా పని చేయవలసి రావడమే ఆయనకు యుద్ధంలో పెద్ద కష్టంగా కనిపించేది. తక్కిన కష్టాలు మాకు చెప్పలేదు. తన పక్కన పడుకునే తమిళ మిత్రుడు మలేరియాతో పోయిన సంగతి మాత్రం ఒకసారి అమ్మతో అంటుండగా విన్నాను.

1945 మేలో రంగూను తిరిగి చేతికి వచ్చింది. ఆగస్టులో యుద్ధం ముగిసింది. ఆ యుద్ధంలో మరణించిన భారత సైనికులు సుమారు 87 వేలు. రంగూను సమీపంలోని టౌక్యాన్ శ్మశానవాటికలో, సమాధి కూడా దక్కని దాదాపు 27 వేల మంది పేర్లు స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. నాన్నగారు అదృష్టవంతులు. 1946లో ఒక డిశ్చార్జి బుక్కు, పతకాలు, కొద్దిపాటి రొక్కంతో ఇల్లు చేరారు. ఆ రొక్కం అప్పుకు సరిపోయింది. సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే 15 ఏళ్ళు నిండాలి. ఆయనది ఐదేళ్ళు.

మళ్ళీ బాడిస పట్టారు. నాగళ్ళు, కాడులు, బండిచక్రాలు, తలుపులు. ఏడాది పొడవునా చేసిన పనికి రైతులు కళ్ళంలో మేర కొలిచేవారు. ట్రాక్టర్లు వచ్చాక నాగలి పని తగ్గింది, మేర కూడా పోయింది. అప్పుడు బళ్ళకు బల్లలు, ఇళ్ళకు కిటికీలు చేసి నెట్టుకొచ్చారు. మేము నలుగురం పిల్లలం. “ఆడపిల్లలకు చదువెందుకు?” అన్నవారికి ఆయన జవాబు చెప్పలేదు. అక్కను, చెల్లిని హైస్కూలు దాకా చదివించారు. నా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రుసుముకు తన ఇంగ్లీషు రంపాల జత అమ్మారని చాలాకాలానికి అమ్మ చెబితే తెలిసింది. పలకకు చట్రం ఊడితే రాత్రికి రాత్రి బిగించి నా తలగడ దగ్గర పెట్టేవారు. ఆయన ప్రేమ మాటల్లో ఉండేది కాదు.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనం చెట్లెక్కారు. నాన్నగారికి అప్పటికి అరవై ఐదు. ఖాళీ నూనె పీపాలు, వెదుళ్ళు, తలుపు చెక్కలు తెప్పించి, మోకులతో తెప్పలు కట్టించారు. ముడి ఎలా వేయాలో కుర్రవాళ్ళకు చూపిస్తూ రెండు రోజులు నీళ్ళలోనే నిలబడ్డారు. ఎక్కడ నేర్చావు తాతా అని వారడిగితే “బర్మాలో” అన్నారు. వారు వడ్రంగి బరమా అనుకొని నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నారు.

ఇక పింఛను సంగతి. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. మనం ఈ రోజును జరుపుకొనేది అందుకే. ఆ వార్త పత్రికలో వస్తే నేనే ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, “పని చేసినవాడికి మేర కళ్ళంలోనే కొలవాలిరా. ఇంటికెళ్ళాక ఎవడూ కొలవడు. ఆ జడ్జీగారెవరో వ్యవసాయం తెలిసినవాడు” అన్నారు. తనకు రాలేదన్న మాట నోటివెంట రాలేదు.

ఆయన 1994లో కాలం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పింఛను లేనివారికి, వారి భార్యలకు రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా సహాయం ఇస్తుందని తరువాత తెలిసి, అమ్మ చేత దరఖాస్తు పెట్టించాను. కాగితాలు కావాలన్నారు. నాన్నగారు చేసిన టేకు పెట్టెలో, వేపాకుల మధ్య, డిశ్చార్జి బుక్కు చెదలు పట్టకుండా ఉంది. సహాయం మంజూరైంది. మొదటి నెల సొమ్ము అమ్మ చేతిలో పెడితే లెక్కపెట్టలేదు. “ఆ పడవల కూలి ఇప్పటికి వచ్చిందిరా” అంది.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెలు ఉంటే ఒకసారి తెరవండి. తండ్రుల, తాతల డిశ్చార్జి బుక్కులు, సర్వీసు కాగితాలు, పతకాలు ఉంటే జాగ్రత్త చేయండి, నకళ్ళు తీయించండి. అర్హులైన వృద్ధురాలు ఎవరైనా మిగిలి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుగా వెళ్ళండి. దరఖాస్తు నింపడం మనబోటి గుమాస్తాలకు తెలిసిన విద్యే గదా!