ఆచార్యుడి పక్కన గ్రంథపాలకుడు

ఆక్లండ్ నగరంలోని మౌంట్ రాస్కిల్ వంటి పేటలనుండి విశ్వవిద్యాలయానికి వెళ్ళే విద్యార్థికి గ్రంథపాలకుడు పుస్తకం ఇచ్చి పుచ్చుకొనే ఉద్యోగిగా మాత్రమే కనిపించడు. ఆధారాలు వెతకడం, వాటి విలువ తేల్చుకోవడం, వ్యాసంలో సక్రమంగా ఉదాహరించడం నేర్పే బాధ్యతను అతను అధ్యాపకుడితో పంచుకుంటాడు. మన కళాశాలల్లో చదివి వెళ్ళినవారికి ఇది పరాయి పద్ధతిగా తోస్తుంది. నిజానికి ఈ ఆలోచన మనకు కొత్త కాదు.

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ అంతకుముందు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధించినవాడు. 1931లో వెలువడిన ఆయన అయిదు సూత్రాలలో రెండు పాఠకుణ్ణీ పుస్తకాన్నీ కలపడం గురించే. విద్యార్థి అవసరం తెలియనిదే ఆ కలయిక కుదరదు. ఆ అవసరం మొదట తెలిసేది తరగతి గదిలో.

తెలుగునాట ఈ ఆలోచనకు చోటిచ్చినది వాల్తేరు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931నుండి 1936వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులు. ఆ కాలంలోనే, 1935లో, అక్కడ గ్రంథాలయశాస్త్ర బోధన మొదలైంది. విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు అబ్బూరి రామకృష్ణారావు. 'ఊహాగానం' కవిగా, 'నదీసుందరి' నాటకకర్తగా ఆయన సాహిత్యచరిత్రలో నిలిచారు. గ్రంథాలయ చరిత్రలో ఆయన స్థానాన్ని మాత్రం తక్కువగా తలచుకుంటాం. న్యూజీలాండ్‌లో గ్రంథాలయ పాఠశాల వెల్లింగ్టన్‌లో తెరుచుకున్నది 1946లో, అంటే వాల్తేరు తరువాత పదకొండేళ్ళకు.

ముందు బయలుదేరినవాళ్ళం వెనుకబడడానికి కారణం ఆలోచనల కొరత కాదు. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం గ్రంథాలయాన్ని విశ్వవిద్యాలయానికి గుండెకాయగా భావించింది. 1957లో యూజీసీ రంగనాథన్ అధ్యక్షతన నియమించిన సంఘం గ్రంథపాలకులకు అధ్యాపకులతో సమానమైన హోదా, జీతం ఉండాలని సిఫారసు చేసింది.

అడ్డుపడినవి రెండు. సంవత్సరాంతపు పరీక్షకు ఒక పాఠ్యపుస్తకం, కొన్ని నోట్సు సరిపోతున్నంతకాలం, రెండో పుస్తకం చదవమని అధ్యాపకుడు చెప్పవలసిన పని లేదు. ఇక పోయిన పుస్తకానికి గ్రంథపాలకుణ్ణి బాధ్యుణ్ణి చేసే పద్ధతి అతణ్ణి కాపలాదారుగా మార్చింది. తన జేబుకు చిల్లు పడుతుందన్న భయం ఉన్నవాడు బీరువా తాళం తీయడానికి వెనుకాడడం సహజమే. జీతం సమానమైనా ఈ రెండూ మారకపోతే పని సమానం కాదు.

కాబట్టి విదేశీ విశ్వవిద్యాలయంలో మొదటి వ్యాసానికి ఆధారాలు చూపమన్నప్పుడు మన విద్యార్థి తడబడితే, ఆ లోపాన్ని అతని తెలివితేటల్లో వెతకనక్కరలేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళూ పుస్తకాలు ఎంపిక చేసేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోని చదువులోంచి అతను వచ్చాడు. వాల్తేరులో 1935లో పడిన పునాదిమీద గ్రంథపాలకులను తయారుచేశాం. వారితో కలిసి పాఠం చెప్పే అధ్యాపకులను తయారుచేసుకోలేదు.