పునీత దేవసహాయము: కులనామము విడిచిన వేదసాక్షి



మన కుటుంబములలో శిశువు జన్మింపగనే పెద్దలు మొదట విచారించునది ఆ దినము ఏ పునీతుని పండుగ యని. ఆ విచారణ ఫలముగానే మన యిండ్ల ఇన్నయ్యలు, శౌరయ్యలు, రాయప్పలు, చిన్నప్పలు, జోజప్పలు వెలసిరి. ఇన్నయ్య యనగా లొయోలా ఇగ్నేషియసువారు. శౌరి యనగా ఫ్రాన్సిసు శౌరివారు. రాయప్ప పేతురు, చిన్నప్ప పౌలు, జోజప్ప యేసుప్రభువును పెంచిన యోసేపు. ఎక్కడెక్కడి మహాత్ముల నామములో మన తాతల నోట తెలుగు నామములైనవి. పిమ్మట వానికి మన కులనామము చేరి ఇన్నారెడ్డి, శౌరిరెడ్డి, జోజిరెడ్డి యని ఏకపదములైనవి. ముందు పునీతుడు, వెనుక కులము. ఈ రెండును మన పేరులో ఇంత సన్నిహితముగా నున్నవే, మన నడవడిలో వీనికి గల సంబంధమెట్టిది? ఈ ప్రశ్న నన్ను చిరకాలముగా బాధించుచున్నది. ఇందులకు ప్రత్యుత్తరము నాకు ఒక పునీతుని చరిత్రయందు లభించినది. అద్దానిని ఈ వార్షిక మహాసభా సంచిక మూలమున మీకు నివేదించుచున్నాను.

ఆయనయే పునీత దేవసహాయము. అంతోనివారిని, చిన్న తెరేజమ్మగారిని మనము భక్తితో కొలుతుము. కాని వారు మఠవాసులు. వారి మార్గము పరమ పావనమైనను, ఆలుబిడ్డలతో, పొలము పుట్రలతో సతమతమగు నావంటి గృహస్థునకు అది దూరముననే తోచుచుండెను. దేవసహాయము అట్లు కాదు. ఆయన గురువు కాడు, సన్యాసి కాడు. ఇల్లు, ఇల్లాలు, సర్కారు కొలువు, పశువులు, పైరు గలవాడు. పరువు ప్రతిష్ఠలు గల కులమున పుట్టినవాడు. అందుచేతనే ఆయన కథ మన వాకిట జరిగిన కథవలె నాకు తోచును.

ఆయన 1712వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన నట్టాలము అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నాడు తిరువాన్కూరు సీమలోనిది. నేడు తమిళనాడున కన్యాకుమారి జిల్లాలో నున్నది. ఆయన తొలి నామము నీలకంఠ పిళ్ళై. తండ్రి నంబూద్రి బ్రాహ్మణుడు, తల్లి నాయరు స్త్రీ. ఆ దేశాచారము ననుసరించి బిడ్డ తల్లి కులమునకు చెంది మేనమామల యింట పెరిగెను. సంస్కృతము, తమిళము, మలయాళము చదివెను. సాము, విలువిద్య నేర్చెను. యుక్తవయస్సున పద్మనాభపురమున మార్తాండవర్మ మహారాజు కొలువున ఉద్యోగియై పలుకుబడి గడించెను.

1741లో కొళచ్చలు రేవువద్ద మహారాజు సైన్యము డచ్చివారి నోడించెను. అప్పుడు పట్టుబడిన వారిలో యుస్టేషియస్ డి లనాయ్ అను కథోలిక సైన్యాధికారి యుండెను. మహారాజు అతని శక్తి గుర్తించి తన సైన్యమునకు శిక్షణ నొసంగు బాధ్యత నప్పగించెను. కొలువు పనులలో నీలకంఠునకు ఈ విదేశీయునితో స్నేహము కుదిరెను. ఆ దినములలో నీలకంఠుని యింట పశువులు చచ్చెను, పైరు చెడెను, ధనము క్షీణించెను. దుఃఖించు మిత్రునకు డి లనాయ్ యోబు కథ చెప్పెనట. సర్వస్వము కోల్పోయియు దేవుని విడువని యోబు కథ ఆయన మనస్సున నాటుకొనెను. విశ్వాసమునకు ఆయనను చేర్చినది పండితుల వాదము కాదు. కష్టకాలమున మిత్రుడు పలికిన ఓదార్పు. మన పల్లెలలో పశువు చచ్చిన యింటి దుఃఖము మనకు క్రొత్త కాదు. అట్టి యింటికి పోయి మనము పలుకు మంచిమాట ఎంత దూరము పోగలదో ఈ ఘట్టమువలన గ్రహింపనగును.

1745 మే 14న, తిరువాన్కూరు ఎల్లకు ఆవలనున్న వడక్కన్‌కుళము గ్రామమున, యేసుసభకు చెందిన బుట్టారి గురువు చేతులమీదుగా ఆయన జ్ఞానస్నానము పొందెను. లాజరు అను నామమునకు దేవుడు సహాయుడని యర్థము గనుక ఆయనకు దేవసహాయము అని పేరిడిరి. పిమ్మట ఆయన భార్య భార్గవి అమ్మాళ్ కూడ జ్ఞానస్నానము పొంది జ్ఞానపూ అని పిలువబడెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగియున్నది. ఆ జ్ఞానస్నానమునకు ఎనిమిది మాసములు ముందు, 1744 సెప్టెంబరున, పోపు 14వ బెనెడిక్టు వారు దక్షిణ దేశపు మిషనులగూర్చి ఒక శాసనము వెలువరించిరి. ఏ కులమున పుట్టినవారైనను విశ్వాసులందరు ఒకే దేవాలయమున పూజ వినవలెననియు, కలిసి దివ్యసత్ప్రసాదము గైకొనవలెననియు అందలి యాజ్ఞ. ఆ యాజ్ఞ కాగితముపై నుండగనే, దానిని ఆచరించి చూపుటకు ఒక గృహస్థుడు ఆ వడక్కన్‌కుళమునుండియే బయలుదేరెను.

దేవసహాయము తాను విశ్వసించినదానిని దాచలేదు. అంటు, దూరము పాటింపవలసినవారని లోకము నిర్ణయించిన వారితో కలిసి మెలగెను. దేవుని యెదుట అందరు సమానులని బోధించెను. పై కులములవారికి ఇది సహింపరానిదాయెను. 1749 ఫిబ్రవరి 23న ఆయనను చెరపట్టిరి. పిమ్మటి మూడేండ్లు ఆయన పడిన బాధ ఆ సీమ జనులు నేటికిని కన్నీటితో చెప్పుకొందురు. చేతులు కట్టి దున్నపోతుపై వెనుకకు తిప్పి కూర్చుండబెట్టి ఊరూర త్రిప్పిరట. కొట్టి గాయములకు కారము రాచిరట. ఎండలో నిలిపి, దాహమునకు కుళ్ళిన నీరొసగిరట. అట్టి యవస్థయందును తనను చూడవచ్చిన జనులకు ఆయన ధైర్యము చెప్పెనందురు. తుదకు 1752 జనవరి 14వ తేదీ రాత్రి, అరల్వాయ్‌మొళి కడ కాట్టాడిమలయను కొండపై సైనికులు ఆయనను తుపాకులతో కాల్చి చంపిరి. నాటికి ఆయనకు నలువదియేండ్లైనను నిండలేదు. భక్తులు ఆయన అస్థికలను సేకరించి కోట్టారునందలి ఫ్రాన్సిసు శౌరివారి దేవాలయమున సమాధి చేసిరి. 1756లోనే కొచ్చిన్ పీఠాధిపతి ఈ మరణమునుగూర్చి రోమునకు నివేదిక పంపెను.

ఆయనను చంపినది మతముకొరకు కాదు, రాజద్రోహాపరాధమునకని వాదించువారు కలరు. ఈ వాదమును త్రోసిపుచ్చక విచారించుట చరిత్రాభిమానులకు ధర్మము. మార్తాండవర్మ క్రైస్తవులందరిని హింసించినవాడు కాడు. డి లనాయ్ కడవరకు కథోలికుడుగనే యుండి తిరువాన్కూరు సైన్యమును నడపి, 1777లో మరణించి, ఉదయగిరి కోటలో గౌరవముతో సమాధి చేయబడెను. ఆ తీరమున మత్స్యకారులు 1544లో శౌరివారి కాలముననే జ్ఞానస్నానము పొందియుండిరి. వారి విశ్వాసము ఆ రాజ్యమున అపరాధముగా నెంచబడలేదు. అట్లైనచో దేవసహాయమొక్కడే దోషి యగుటకు కారణమేమి? నాకు తోచునది యిది. విదేశీయుడు క్రైస్తవుడైన ఎవరికిని బాధ లేదు. మత్స్యకారుడు క్రైస్తవుడైన అతని స్థానము మారదు. కాని కొలువులో పెద్ద యుద్యోగియగు నాయరు, ఆ మత్స్యకారుని ప్రక్కన కూర్చుండి సోదరా యని పిలిచినచో లోకపు కట్టు కదలును. ఆయన విశ్వాసమును సమానత్వమును వేరుచేయలేకపోయెను. ఆయన చెరకు, చావునకు మూలము అదియే.

ఇట్లు ప్రాణమిచ్చిన వాని పాఠమును ఆయన జ్ఞానస్నానము పొందిన గ్రామమైన నేర్చుకొనెనా? వడక్కన్‌కుళమున 1872లో పూర్తియైన పెద్ద దేవాలయమును రెండు శాఖలుగా కట్టిరి. పీఠమొక్కటి, దానినుండి చీలిన మందిరములు రెండు. ఒకదానియందు వెళ్ళాళురు, రెండవదానియందు నాడారులు, నడుమ గోడ. ఒకే పూజను వినుచు ఒకరినొకరు చూడకుండునట్లు కట్టబడిన ఆలయమది. 1910 ప్రాంతమున గురువులు ఆ గోడను తీసివేసిరి. పై కులస్థులు మరల కట్టింపవలెనని మద్రాసు ఉన్నత న్యాయస్థానము వరకు పోరాడిరి గాని గెలువలేదు. వేదసాక్షి జ్ఞానస్నానము పొందిన యూరివారు, ఆయన కథ యెరిగినవారు, ఆ గోడ కావలెనని కోరిరి! వారిని నిందించుట సులభము. కాని ఆ వేలు మనవైపునకును తిరుగునని మరువరాదు.

మన తెలుగు సీమ సంగతి చూతము. 18వ శతాబ్దారంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేర పుంగనూరు, కృష్ణాపురము మున్నగు చోట్ల బోధించిరి. కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్యాసులవలె మన పెద్దల మధ్య మెలగిరి. మన పూర్వులలో పెక్కండ్రు అప్పుడే వేదమున చేరిరి. కొన్ని కుటుంబములు పిమ్మట గుంటూరు సీమకు తరలివచ్చెను. 1773లో పోపువారు యేసుసభను రద్దుచేయగా గురువులు కరవైరి. ఏండ్ల తరబడి పూజ లేని పల్లెలలో జపమాలను, పండుగలను నిలిపినది గృహస్థులే. వియ్యము, బంధుత్వము, కులపు కట్టు ఆ విశ్వాసమునకు కంచెయై కాచెను. ఇది మన కులమునకు న్యాయముగా దక్కవలసిన కీర్తి. దీనిని నేను తక్కువ చేయను. అయితే లేత మొక్కకు కంచె కావలెను; చెట్టు పెరిగిన పిమ్మట ఆ నీడకు వచ్చువారిని కంచె ఆపరాదు.

ఒక స్వానుభవము మనవి చేసికొందును. మా గ్రామమున సమాధుల దొడ్డికి నడుమ ఒక గోడ కలదు. ఈవల మనవారు, ఆవల మాలమాదిగ క్రైస్తవులు. మా తాతగారి పేరు ఇన్నారెడ్డి. ఆయన పొలమును ఏబదియేండ్లు దున్నిన వృద్ధుని పేరు ఇన్నయ్య. ఇరువురిది ఒకే పునీతుని నామము. ఇరువురికి జ్ఞానస్నానమిచ్చినది ఒకే తొట్టిలోని నీరు. ఆ వృద్ధుడు నన్ను భుజముపై నెక్కించుకొని తిరునాళ్ళు చూపినవాడు. ఏటేట నవంబరు 2న మృతుల స్మరణ దినమున తాతగారి సమాధికడ దీపము పెట్టి నేను తిరిగి వచ్చువాడను. దేవసహాయముగారి చరిత్ర చదివిన యేడు నా కాళ్ళు వాకిటికడ ఆగిపోయినవి. రెండవ వాకిట లోనికి పోయి, ఇన్నయ్య సమాధి ఏదని అడిగితిని. వాని మనుమడు చూపెను. నలువదియేండ్లకు నేను తెలిసికొన్నది ఆ గోడకు ఆవల ఆయన ఎచ్చట పరుండెనో! పునీతుని పటమునకు నమస్కరించుట సులభము. ఆ రెండవ వాకిలి దాటుట నాకు కష్టమాయెను. దాటిన పిమ్మటనే నా ప్రార్థన నాకు ప్రార్థనగా తోచెను.

రోమునగరమున దేవసహాయముగారి విచారణ మెల్లగా సాగెను. 2012 డిసెంబరు 2న నాగర్‌కోయిలున ఆయనకు ధన్య పట్టమొసగిరి. నాడు ఆయన నామము చివర పిళ్ళై అను కులనామము నిలిచియుండెను. కులభేదము నెదిరించినవాని నామమునకు ఆ తోక తగదని పలువురు రోమునకు విన్నవించిరి, అధికారులు అంగీకరించిరి. 2022 మే 15న పోపు ఫ్రాన్సిసువారు పేతురువారి మహాదేవాలయపు ముంగిట ఆయనను పునీతునిగా ప్రకటించినపుడు, దేవసహాయము అను పేరొక్కటియే మ్రోగెను. భారతదేశపు గృహస్థులలో పునీత పట్టము పొందిన మొదటివాడాయనయే. ఆ సంవత్సరముననే, ఆగస్టు 27న, కర్నూలు సీమలో దళిత కుటుంబమున పుట్టిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినలు పదవి నలంకరించిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి పొందిన మొదటివారు వారే.

అట్లని మన నామములనుండి కులనామమును నేడే తొలగింపుడని నేను కోరను. తాతలిచ్చిన పేరు ప్రియమైనదే. నేను కోరునది, ముందున్న పునీతుడు వెనుకనున్న కులమును నడపవలెను గాని, కులము పునీతుని ఈడ్చుకొని పోరాదని. కార్యరూపమున రెండు మనవులు. మన సంఘపు విద్యార్థి వేతన నిధినుండి ఏటేట కొంత భాగము గోడకు ఆవలి పిల్లలకు దేవసహాయముగారి పేర కేటాయింపుడు. అట్టి గోడలున్న గ్రామముల పెద్దలు గురువులతో ఆలోచించి, వానిని తొలగించుటకు ఈ మహాసభయందే తీర్మానము గావింపుడు. పోషకులైన దాతలు ఇట్టి పుణ్యకార్యమునకు వెనుదీయరని నా నమ్మకము.

ఆయన పండుగ జనవరి 14. సంక్రాంతి వేళ మన బిడ్డలందరు ఊళ్ళకు చేరు దినములవి. ఆ దినమున ఈ పునీతుని కథ వారికి చెప్పుడు. చెప్పి, వారి చేయి పట్టుకొని రెండవ వాకిట లోనికి తీసికొనిపొండు. దేవుడు సహాయుడను ఆ నామము మనయెడల సార్థకమగుగాక. సర్వేశ్వరుడు మన సంఘమును, మన పొరుగువారిని, జీవులను, మృతులను ఒకే కృపతో కాచి రక్షించుగాక.